నీలం చుక్క, కాగితం మ్యాపు

కొండదారిలో బైక్ మీద వెళ్తుంటే ఫోన్ సిగ్నల్ పోయింది. అయినా స్క్రీన్ మీద నీలం చుక్క కదులుతూనే ఉంది, దాని చుట్టూ మాత్రం ఖాళీ గళ్లు. జీపీఎస్ అంటే ఇంటర్నెట్ అనుకుంటారు చాలామంది, కానీ కాదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు, మనం ఎక్కడున్నామో ఫోన్ లెక్కగట్టేస్తుంది. డేటా కావాల్సింది మ్యాపు బొమ్మకే. బయల్దేరేముందే ఆఫ్‌లైన్ మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి, ప్లీజ్.

ఆ రోజు ట్యాంక్ బ్యాగ్ (బైక్ పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకునే సంచి) మీది ప్లాస్టిక్ జేబులో కాగితం మ్యాపు ఉంది. 1:2,50,000 స్కేలు, అంటే సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు. బండి పక్కకి ఆపి, గ్లవ్స్ తీసి, వేలితో దారి పట్టుకుంటూ వెళ్తే నది ఎటు తిరుగుతుందో, వంతెన ఎక్కడుందో, అవతల ఇంకో దారి ఉందో లేదో అంతా కళ్లముందే కనబడింది. ఫోన్‌లో అంత మేర చూడాలంటే జూమ్ తగ్గించాలి, తగ్గిస్తే చిన్న రోడ్లు మాయమైపోతాయి.

ఊరుకాని ఊళ్లో, ట్రాఫిక్‌లో, రాత్రిపూట నా ఓటు జీపీఎస్‌కే. హెల్మెట్‌లో మాట వినబడుతుంటే కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. కాగితానికైతే బండి ఆపాల్సిందే. అందుకే దూర ప్రయాణమైతే ముందురోజే మ్యాపు పరిచి దారంతా చదువుకుంటాను. తర్వాత ఫోన్ ఏ మలుపు చెప్పినా, అది ఎటు తీసుకెళ్తోందో నాకు తెలుస్తుంది.