పాడి పోయిన గొంతు

పుష్య బహుళ పంచమికి, త్యాగరాజ ఆరాధనకి, తిరువయ్యారు వెళ్ళొచ్చాను. నాలుగు రోజులైంది, చెవులు ఇంకా కావేరి గట్టునే ఉన్నాయి.

మొక్కు నాది. నిరుడు థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు పోయింది. మాట్లాడితే గాలే వచ్చేది. పాట సంగతంటారా, పెళ్ళయ్యాకే మానేశాను, ముప్పై ఏళ్ళ మాట. పాడగలిగినన్నాళ్ళూ నోరు విప్పని దాన్ని, ఇక పాడలేనేమోనని కూర్చుని ఏడ్చాను. గొంతు తిరిగొస్తే త్యాగయ్య సమాధి దగ్గర ఆయన పంచరత్నాలు, ఆ ఐదు కీర్తనలూ, పాడతానని మొక్కుకున్నాను. దసరాకి మాట వచ్చింది.

తంజావూరు నుంచి చీకటితోనే బస్సెక్కినా పందిట్లో కాలు పెట్టే చోటు లేదు. ముందు వరసలు విద్వాంసులవి, సరే. వెనకున్న వాళ్ళంతా ఫోన్లు పైకెత్తి పట్టుకుంటే ఎలా? అభిషేకం నాకు కనిపించింది ఎవరిదో ఫోన్లోనే! పైగా నా కాలు తొక్కినాయన నన్నే కసిరాడు. వెళ్ళిపోదామనుకుంటుంటే, డెబ్బై దాటిన ఒక మామీ చాప మీద జరిగి, "వామ్మా, ఉక్కారు" అంది. చేతిలో అరిగిపోయిన పుస్తకం. పాటలు తెలుగు, లిపి తమిళం.

మొదటిది, నాట రాగంలోది, ఎత్తుకున్నారు. వందల గొంతులు ఒక్కసారి లేచేసరికి ఒళ్ళు జలదరించింది కానీ నా నోరు పెగల్లేదు. మామీ నా మోకాలి మీదే ఆదితాళం వేయడం మొదలెట్టింది.

తర్వాత గౌళ రాగంలో దుడుకుగల. చిన్నప్పుడు స్వరం తప్పకుండా వల్లించానే తప్ప మాట పట్టించుకోలేదు. చరణం తర్వాత చరణం త్యాగయ్య తన తప్పులే ఏకరువు పెడుతుంటే ప్రతిదీ నాకే తగిలింది. ఎక్కడో మధ్యలో గొంతు విప్పాను. జీరగా, శ్రుతికి కిందుగా. అన్ని గొంతుల్లో నాది ఎవరికి వినిపిస్తుందిలే అన్న ధైర్యం. వరాళి రాగం మా గురువుగారు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పలేదు, గురుశిష్యులకి పడదని. అందుకే అక్కడ మాత్రం మామీ వెనకే నడిచాను.

శ్రీరాగం అయ్యాక పెరుగన్నం పెడుతూ మామీ అడిగింది, "దుడుకు" అంటే ఏమిటని. ఏళ్ళ తరబడి పాడుతోందట! వచ్చీరాని తమిళంతో, చేతులతో చెప్పాను. విని, గుండె మీద చెయ్యేసుకుని, "నానా?" అని నవ్వింది, నేనా అని. నేనూ అదే మాట అన్నాను.

హారతప్పుడు ముందున్నాయన ఫోన్ దించాడు. అరక్షణం, పూలమాలల మధ్య త్యాగయ్య ముఖం. అంతే, మళ్ళీ తలలు. తన నగలమ్మి 1920ల్లో ఈ గుడి కట్టించిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ మాత్రం, విగ్రహమై, ఎదురుగా చేతులు జోడించి తీరిగ్గా చూస్తూనే ఉంది. ఒకప్పుడు ఆడవాళ్ళని ఇక్కడ పాడనిచ్చేవారు కాదు, ఆవిడ పోరాడింది. దణ్ణం పెట్టుకుని తిరిగి చూస్తే మామీ లేదు.

రాత్రి రైల్లో కోడలి ఫోన్. నా బొంగురు విని కంగారుపడింది. "అయ్యో, గొంతు మళ్ళీ పాడైపోయిందా అత్తయ్యా?"

"కాదమ్మా, పాడి పోయింది" అన్నాను.