అట్లాంటా బట్టల మూటలు

నిన్న రాత్రి మెషీన్‌లో బట్టలు పడేసి, అది తిరిగేలోపు నాలుగు పేజీలు చదువుదామని కూర్చున్నా. డ్రయ్యర్ కూడా ఆగిపోయింది, నేను మాత్రం లేవలేదు.

చదువుతున్నది చరిత్రకారిణి టెరా హంటర్ పుస్తకం. బానిసత్వం పోయాక అమెరికా దక్షిణాదిలో నల్లజాతి ఆడవాళ్ల బతుకు, పని, కూలి గురించి. అందులో ఉన్నది మా అట్లాంటానే. పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, ఈ సంగతులేవీ తెలియవు నాకు.

బట్టలుతికే ఆడవాళ్లు తెల్లవాళ్ల ఇళ్ల నుంచి మూటలు తెచ్చుకోవాలి. బావి నీళ్లు మోయాలి. బీరు పీపాలు సగానికి కోసి తొట్లు చేసుకునేవాళ్లట! సబ్బు సొంతంగా కాచుకోవడం, గోధుమ తవుడుతో గంజి. వారమంతా ఉతికి, ఇస్త్రీ చేస్తే నెలకు 4 నుంచి 8 డాలర్లు. అయినా ఆ పనే నయమనుకున్నారు. ఎవరి వంటింట్లోనో కాకుండా తమ వాకిట్లో, పిల్లల్ని చూసుకుంటూ చేసుకోవచ్చుగా.

1881 జూలైలో వాళ్లలో 20 మంది సంఘం పెట్టారు. మూడు వారాల్లో 3,000 మంది అయ్యారు. డజను పౌండ్ల బట్టలకు డాలరు ఇవ్వాల్సిందే, లేకపోతే ఉతకమని సమ్మెకి దిగారు. అరెస్టులు, జరిమానాలు. బట్టలుతకడానికి 25 డాలర్ల లైసెన్సు ఫీజు పెడతామని నగర కౌన్సిల్ బెదిరిస్తే, కావాలంటే 50 కూడా కడతాం, రేటు మాత్రం మా చేతిలోనే ఉండాలని మేయర్‌కి ఉత్తరం రాశారు. నెలకి 8 డాలర్లు దాటని మనుషులు! ఆ ఉత్తరం దగ్గరే ఆగిపోయా.

పొద్దున అమ్మకి ఫోన్ చేసి, నా చిన్నప్పుడు మన బట్టలు ఉతికినావిడకి ఎంత ఇచ్చేవాళ్లమని అడిగా. "ఏమోనే, గుర్తులేదు. పండక్కి పాత చీర ఇచ్చేదాన్ని" అంది. పేరు అడిగితే కాసేపు ఏం మాట్లాడలేదు.