చచ్చిపోతున్నవాడితో వారిస్ అబద్ధం ఆడతాడా?

ముందే చెప్తున్నా, జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' ఐదు పుస్తకాలూ చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కింద అన్నీ స్పాయిలర్లే.

ఐదో పుస్తకం చివరి చాప్టర్ గుర్తుంది కదా. ఒకప్పటి రాజ గూఢచారుల పెద్ద వారిస్ చీకట్లోంచి బాణం వేసి, బాలరాజు తరఫున పాలిస్తున్న కెవన్ లానిస్టర్‌ని పడగొడతాడు. ప్రాణం పోతున్న ఆ పెద్దాయనకి తాపీగా అన్నీ వివరిస్తాడు. పసితనంలోనే చంపేశారనుకున్న ఏగాన్ చచ్చిపోలేదు, ఇక్కడికి వచ్చేశాడు, నడక రాకముందు నుంచే అతన్ని రాజుగా తయారుచేశాం అంటాడు. ఇక్కడ ఫ్యాన్స్ రెండుగా చీలిపోయారు. ఒక వర్గం ఏమంటుందంటే, ఇంకో నిమిషంలో చచ్చిపోయే మనిషితో అబద్ధం చెప్పి వారిస్‌కి ఒరిగేదేముంది, కాబట్టి యంగ్ గ్రిఫ్ అనే మారుపేరుతో మనం చూసిన ఆ కుర్రాడు నిజంగానే చనిపోయిన యువరాజు రేగార్ కొడుకు ఏగాన్, పసిగుడ్డుగా ఉన్నప్పుడే మార్చేసి దాచారు అని. రెండో వర్గం ఒప్పుకోదు. నేను రెండో వర్గం.

ఎందుకో చెప్తా. ఆ గదిలో వాళ్లిద్దరే లేరు. వారిస్ పెంచే 'చిట్టి పిట్టలు', అంటే కత్తులు పట్టుకున్న పిల్లలు, అక్కడే ఉన్నారు, కెవన్‌ని పూర్తి చేసింది వాళ్లే. వినేవాళ్లు ఉన్నప్పుడు మనిషి ఏం మాట్లాడతాడో ఆలోచించండి. ఇంకో మాట, వారిస్ చెప్పినవన్నీ మళ్లీ చదవండి. పెంపకం గురించి చెప్తాడు, చదువు గురించి, కత్తి తిప్పడం గురించి, ఆకలి గురించి చెప్తాడు. రాజరికం హక్కు కాదు బాధ్యత అని ఆ కుర్రాడికి నేర్పామంటాడు. రక్తం గురించి మాత్రం ఎక్కడా గట్టిగా మాట్లాడడు. పుట్టినప్పటి నుంచి ఒక పిల్లాడిని ఏగాన్ అని పిలుస్తూ పెంచితే వాడు ఏగానే అవుతాడు కదా, అలా చూస్తే వారిస్ చెప్పిన దాంట్లో అబద్ధం కూడా లేదు.

ఇక ఆ కుర్రాడు ఎవరంటే, బ్లాక్‌ఫైర్ వంశం వాడని మా వర్గం వాదన. తెలియనివాళ్లకి కొంచెం వెనక్కి వెళ్లాలి. నాలుగో ఏగాన్ రాజు చనిపోతూ తన అక్రమ సంతానం అందరికీ చట్టబద్ధత ఇచ్చేస్తాడు. వాళ్లలో డీమన్ బ్లాక్‌ఫైర్ అనేవాడు తిరగబడి జెండా రంగులు తారుమారు చేస్తాడు. అసలు రాజవంశమైన టార్గేరియన్లకి నలుపు మీద ఎర్ర డ్రాగన్ అయితే వీడికి ఎరుపు మీద నల్ల డ్రాగన్. ఆ వంశం కోసమే పుట్టిన కిరాయి సైన్యం గోల్డెన్ కంపెనీ. తరాల తరబడి ఎర్ర డ్రాగన్‌తో కొట్లాడిన సైన్యం ఉన్నట్టుండి మిర్ నగరంతో ఒప్పందం తెంచేసుకుని ఎర్ర డ్రాగన్ కుర్రాడి వెనక ఎందుకు నడుస్తుంది? కెవన్ అన్న కొడుకు టిరియన్‌కి ఈ అనుమానం వచ్చి అడిగితే, ఈ పథకంలో వారిస్‌తో చేతులు కలిపిన వ్యాపారి ఇలిరియో ఏమంటాడంటే, నలుపైనా ఎరుపైనా డ్రాగన్ డ్రాగనే. కొన్ని ఒప్పందాలు సిరాతో రాస్తారు, కొన్ని రక్తంతో రాస్తారు అని కూడా అంటాడు. బ్లాక్‌ఫైర్ మగ సంతతి అంతరించిందని పుస్తకంలో ఉంది. మగ సంతతి అని ప్రత్యేకంగా అనడమే అనుమానం పుట్టిస్తుంది, ఎందుకంటే ఆడ సంతతి మాట ఎవరూ ఎత్తరు. ఇలిరియో చనిపోయిన భార్య సెర్రాకి బంగారు జుట్టులో వెండి చారలు ఉండేవి. ఆ కుర్రాడికి ఇష్టమని ఇలిరియో ప్రత్యేకంగా పాకంపట్టిన అల్లం పంపిస్తాడు, వాడిని చూడకుండా తిరిగి వెళ్లాల్సి వచ్చినందుకు బాధపడతాడు. రాజకీయ పెట్టుబడి పెట్టిన వ్యాపారికి అంత బాధ ఉండదు. తండ్రికి ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆధారం మాత్రం వీటిలో లేదు, ఇంకా ముందే ఉంది. నాలుగో పుస్తకంలో బ్రియాన్ అనే యోధురాలితో నడుస్తూ సెప్టన్ (మతగురువు) మెరిబాల్డ్ ఒక పాత సత్రం కథ చెప్తాడు. దాని గుమ్మం ముందు నల్ల ఇనుముతో చేసిన డ్రాగన్ బోర్డు ఉండేది. బ్లాక్‌ఫైర్ తిరుగుబాటు రోజుల్లో రాజభక్తుడైన డారీ ప్రభువుకి అది కంటగింపై, ముక్కలు చేసి నదిలో పడేయిస్తాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ డ్రాగన్ తలల్లో ఒకటి క్వైట్ ఐల్ అనే దీవి ఒడ్డుకి కొట్టుకొస్తుంది, అప్పటికి తుప్పు పట్టి ఎర్రగా మారిపోయి ఉంటుంది. నల్ల డ్రాగన్ నీళ్ల మీదుగా ఎర్ర డ్రాగన్ అయి తిరిగొచ్చింది! నాలుగో పుస్తకం 2005లో వచ్చింది, యంగ్ గ్రిఫ్ తెర మీదకి వచ్చిన ఐదో పుస్తకం 2011లో. కుర్రాడు రావడానికి ఆరేళ్ల ముందు ఒక సన్యాసి దారిలో కాలక్షేపానికి చెప్పిన కథలో మార్టిన్ ఇది పెట్టాడు. మొదటిసారి చదివినప్పుడు ఎవరూ అక్కడ ఆగరు. వాదన మొదలయ్యాక, ఎదుటివాడు 'ఏ పేజీలో ఉందో చూపించు' అన్నాక వెనక్కి వెళ్లి వెతికితే దొరికే సంగతి ఇది. ఈ చర్చలంటే నాకు ప్రాణం అందుకే.

దీనికి దగ్గరగా మన దగ్గరే ఒక సంగతి ఉంది. మయసభలో దుర్యోధనుడు నీళ్లలో పడితే ద్రౌపది నవ్విందని మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. సినిమాలు, నాటకాలు అదే చూపించాయి. వ్యాసుడి సభాపర్వంలో ఆ ఘట్టాన్ని కథకుడు చెప్పేటప్పుడు నవ్వింది సేవకులు, భీముడు, అర్జునుడు, కవలలు. ద్రౌపది పేరు లేదు. తర్వాత దుర్యోధనుడు ఇంటికెళ్లి తండ్రి ముందు వాపోయేటప్పుడు మాత్రం కృష్ణుడూ నవ్వాడు, ద్రౌపది కూడా ఆడవాళ్లతో కలిసి నవ్వింది అంటాడు. అంటే ద్రౌపది నవ్విందన్నది కథకుడు మనకి చూపించింది కాదు, అవమానంతో కాలిపోతున్నవాడు తండ్రికి ఇచ్చిన వాంగ్మూలం. అతను అబద్ధమే ఆడాడని నేను అనట్లేదు. ఎవరు, ఎవరితో, ఏ అవసరంలో అన్నారో చూడకుండా ఏ మాటనీ నిజం అనుకోకూడదని మాత్రం అంటున్నా.

మార్టిన్ రాసే పద్ధతిలో ఇది ఇంకా ముఖ్యం. ప్రతి చాప్టరూ ఒక పాత్ర కళ్లతోనే నడుస్తుంది, పైనుంచి చూసి నిజం చెప్పే కథకుడు ఉండడు. స్టార్క్ వంశపు ప్రభువు నెడ్ కూతురు సాన్సానే తీసుకోండి. బ్లాక్‌వాటర్ యుద్ధం రాత్రి హౌండ్ అనే యోధుడు తనని ముద్దు పెట్టుకున్నాడని తర్వాతి పుస్తకాల్లో గుర్తు చేసుకుంటుంది. రెండో పుస్తకం తీసి ఆ రాత్రి చదవండి, ముద్దు లేదు. రచయిత మర్చిపోయి రాశాడని కొందరు కొట్టిపారేశారు కానీ అది కావాలనే చేశానని మార్టినే చెప్పాడు. ఒక అమ్మాయి భయంలో గడిపిన రాత్రిని కాలం గడిచేకొద్దీ తనే మార్చి రాసుకుంటోంది. పుస్తకంలో పాత్రకి గుర్తున్నది కూడా సాక్ష్యం కాకపోవచ్చు అని తెలిశాక చదవడం మునుపటిలా ఉండదు.

మరి ఏ థియరీ నమ్మాలి? నాకు కొలమానం, నెడ్ అక్రమ సంతానంగా పెరిగిన జాన్ స్నో తల్లి సంగతే. మొదటి పుస్తకం 1996లో వస్తే, రేగార్‌కి, నెడ్ చెల్లెలు లియానాకి పుట్టినవాడే జాన్ అని మరుసటి ఏడాదికే నెట్‌లో వాదించుకుంటున్నారు. ఒక్క పుస్తకం చేతిలో పెట్టుకుని! నెడ్ కలలో ఒక బురుజు, దాని ముందు ముగ్గురు రాజరక్షకులు. రాజు పోయాడు, యువరాజు పోయాడు, ఇంకా అక్కడ ఎవరికి కాపలా కాస్తున్నారు? లియానా చావుబతుకుల్లో అడిగిన మాట, నెడ్ ఇచ్చిన మాట. భార్య నిలదీస్తే నెడ్ 'నా రక్తం, అంతవరకు తెలిస్తే చాలు' అంటాడు, 'నా కొడుకు' అనడు. రెండో పుస్తకంలో రేగార్ చెల్లెలు డెనేరిస్ ఒక దర్శనంలో మంచుగోడ చీలికలో పూసిన నీలిపువ్వుని చూసేసరికి లియానా నీలి గులాబీలు గుర్తొచ్చి థియరీ ఇంకా గట్టిపడింది. మంచి థియరీ లక్షణం అదే, కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా బలపడాలి. టీవీ సిరీస్ తీస్తామని వచ్చిన బెనియాఫ్, వైస్‌లని మార్టిన్ అడిగిన ప్రశ్న కూడా జాన్ తల్లి ఎవరనే, వాళ్లు సరిగ్గా చెప్పారు. 2016లో సిరీస్ అది చూపించేసింది.

కానీ సిరీస్‌లో వచ్చింది కాబట్టి పుస్తకంలోనూ అంతే అనేవాళ్లతో నాకు అస్సలు కుదరదు. కోల్డ్‌హ్యాండ్స్ సంగతి చూడండి. నెడ్ కొడుకు బ్రాన్‌ని మంచుగోడ అవతల నడిపించే ఆ చచ్చిన మనిషి, నెడ్ తమ్ముడు బెంజెన్ అని చాలామంది నమ్మారు, సిరీస్ కూడా ఆ పని బెంజెన్‌తోనే చేయించింది. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ లైబ్రరీలో ఐదో పుస్తకం రాతప్రతి ఉంది. అందులో ఎడిటర్ మార్జిన్‌లో ఇతను బెంజెనా అని అడిగితే మార్టిన్ కాదు అని రాశాడు. పుస్తకంలో కూడా, వాళ్లు అతన్ని చాలా కాలం కిందే చంపేశారని అడవి బిడ్డల జాతికి చెందిన లీఫ్ అంటుంది. వందల ఏళ్లు బతికే జాతి ఆమెది, ఆమె నోట చాలా కాలం అంటే మొన్నటి సంగతి కాదు. అసలు యంగ్ గ్రిఫే లేని సిరీస్‌ని యంగ్ గ్రిఫ్ వాదనలో సాక్ష్యంగా తెచ్చేవాళ్లకి ఏం చెప్పాలి.

మా పిన్ని కొడుకు ఒకడు డాలస్‌లో ఉంటాడు, వాడికి నిమ్మచెట్టు థియరీ అంటే పిచ్చి. "అన్నయ్యా, బ్రావోస్‌లో చెట్లే మొలవవు కదా, డెనేరిస్ కిటికీ బయట నిమ్మచెట్టు ఎలా వచ్చింది? ఆ పిల్ల పెరిగింది బ్రావోస్‌లో కాదు, డోర్న్‌లో" అని అర్ధరాత్రి మెసేజ్ పెడతాడు. గమనించడం వరకు నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కానీ వాడు చెప్పే వాక్యం చివరిదాకా చదివితే గొప్పవాళ్ల పెరళ్లలో, తోటల్లో తప్ప చెట్లు మొలవవు అని ఉంది. డెనేరిస్ అన్న విసెరిస్ పెళ్లి ఒప్పందం బ్రావోస్‌లోనే, అక్కడి పాలకుడు సీలార్డ్ సాక్షిగా రాసుకున్నారని కూడా ఉంది. అంటే ఈ పిల్లలకి గొప్పవాళ్ల ఇంటి నీడ దొరికి ఉండొచ్చు. "తమ్ముడూ, ఒక చెట్టు కోసం ఆ పిల్ల బాల్యం మొత్తాన్ని వేరే ఖండానికి మార్చేయకు" అని రాశా. వాడు ఒప్పుకోలేదు, ఇంకో మూడు చాప్టర్లు చదివి మళ్లీ వస్తానన్నాడు. రానీ, నాకూ అదే కావాలి. కత్తి గురువు సిరియో ఫోరెల్ బతికే ఉన్నాడనేవాళ్లతో మాత్రం నేను వాదించను, అక్కడ ఉన్నది ఆధారం కాదు, అతని మీద ప్రేమ. అది నాకూ ఉంది.

పైకి ఎవరూ చెప్పకపోయినా తేలిపోయిన థియరీ ఒకటుంది, మాండర్లీ ప్రభువు వడ్డించిన పైలలో ఉన్నది ఫ్రేల మాంసమేనని. మాండర్లీ కొడుకుని చంపిన ఫ్రే వంశం వాళ్లు ముగ్గురు దారిలో మాయమవుతారు, పెళ్లి విందుకి పెద్ద పెద్ద పైలు మూడు వస్తాయి, మాండర్లీ అందరికంటే ఆబగా తిని, తాగి, ర్యాట్ కుక్ పాట పాడమంటాడు. ర్యాట్ కుక్ కథ మూడో పుస్తకంలో బ్రాన్ చెప్పాడు. దేవుళ్లు వాడిని శపించింది హత్యకి కాదు, రాజుకి కొడుకు మాంసం వండిపెట్టినందుకూ కాదు, తన కప్పు కింద ఉన్న అతిథిని చంపినందుకు. ఇప్పుడు డావోస్ చాప్టర్ చూడండి, ఫ్రేలు బయల్దేరేముందు మాండర్లీ వాళ్లకి గుర్రాలు కానుకగా ఇస్తాడు. కానుక తీసుకుని గడప దాటారు, ఇక అతిథులు కారు. కొడుకుని చంపినవాళ్ల మీద పగ తీర్చుకుంటూ కూడా ఆ మనిషి ధర్మం తప్పలేదు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయడం ఎంత పాపమో వింటూ పెరిగినవాళ్లం, ఆ గుర్రాల దగ్గర మనకి ఒళ్లు జలదరిస్తుంది.

మనం పేజీలు ఇంత తవ్వితే రచయిత ముగింపు మార్చేస్తాడేమో అని భయపడేవాళ్లున్నారు. మార్టిన్ దీనికి 2014లో ఎడిన్‌బరాలో జవాబిచ్చాడు. కొందరు సరిగ్గానే ఊహించారు, అయినా మార్చను, ఆధారాలు అన్నీ ముందే పెట్టేశాక మార్చితే అంతా పాడైపోతుంది అన్నాడు. కాబట్టి తవ్వండి.

ఈ మధ్య నేను కూర్చున్నది పింక్ లెటర్ మీద. ఐదో పుస్తకంలో జాన్‌కి వచ్చిన ఉత్తరం, కింద రామ్సే బోల్టన్ సంతకం, అతనితో యుద్ధానికి వచ్చిన రాజు స్టానిస్ చచ్చాడని అందులో ఉంటుంది. రాసింది మంచుగోడ అవతలివాళ్లకి రాజుగా ఉన్న మాన్స్ అని కొందరు, స్టానిసే అని ఇంకొందరు. నా మటుకు రాసింది రామ్సేనే, కాకపోతే స్టానిస్ చావు గురించి అతనే మోసపోయి రాశాడు. ఎందుకంటే రాబోయే పుస్తకం నుంచి మార్టిన్ ముందే బయటపెట్టిన థియాన్ చాప్టర్‌లో, నేను చచ్చానని బ్రావోస్‌లో విన్నా నువ్వు మాత్రం కిరాయి సైన్యాన్ని తీసుకునే రావాలి అని స్టానిస్ తన మనిషికి చెప్పి పంపుతాడు. చచ్చాననే వార్త పుట్టించే ఆలోచన ఉన్నవాడి మాట అది. అవతలివాళ్ల చేతిలోనూ గట్టి ఆధారం ఉంది. థియాన్ అక్క ఆషాకి రాసినప్పుడు రామ్సే రక్తంతో రాసి చర్మం ముక్క జతచేశాడు, ఇందులో చర్మం లేదు. తొందరలో రాశాడు అంటే నాకు సరిపోదు, అంతకంటే గట్టి జవాబు మీ దగ్గర ఉంటే చాప్టర్‌తో సహా చెప్పండి.