సగం కరెంటు బండిలో అరకు

మా బావ సెకండ్ హ్యాండ్‌లో వోల్వో ఎక్స్‌సీ90 కొన్నాడనగానే ఇంట్లో అందరూ అడిగింది ఒకటే, ఇది పెట్రోలుదా కరెంటుదా అని. రెండూనూ. వెనక డిక్కీ మీద టీ8 అని రాసి ఉంటుంది చూడండి, అది ప్లగిన్ హైబ్రిడ్. ముందు చక్రాలను రెండు లీటర్ల పెట్రోలు ఇంజను తిప్పుతుంది, వెనక చక్రాలను ఎలక్ట్రిక్ మోటారు తిప్పుతుంది, మామూలుగా షాఫ్టు పోయే నడిమధ్య సొరంగంలో బ్యాటరీ పెట్టారు. బావ కొన్న మోడల్లో అది 10.4 కిలోవాట్ అవర్లది, మన మీటరు లెక్కలో పది యూనిట్ల పైచిలుకు. అందులోనూ మొత్తం వాడుకోనివ్వదు, కొంత తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. ఏసీ వేసుకుని వైజాగులో తిరిగితే ఒక ఛార్జికి ముప్ఫై కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా. మామూలు హైబ్రిడ్ తన బుల్లి బ్యాటరీని తనే నింపుకుని తనే వాడుకుంటుంది, దానికి ప్లగ్గూ ఉండదు, గొడవా ఉండదు. దీన్ని మాత్రం మనం గోడకు తగిలించాలి. తగిలించకుండా నడిపితే ఆ బ్యాటరీ బరువంతా మోస్తూ పెట్రోలు తాగుతుంది, అంతకంటే దండగ ఇంకోటి లేదు.

బావకు ఘాట్ రోడ్డంటే కంగారు, అందుకని అరకు ప్రయాణానికి డ్రైవింగు నాకు అప్పజెప్పారు. కార్తీకం వెళ్లినా వలిసె పూలు ఇంకా ఉన్నాయన్నారు, అక్క సరేనంది, మేనల్లుడు బొంగు చికెన్ పేరు చెప్పగానే బ్యాగు సర్దేశాడు.

ముందు ఇంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ బండితో అసలు పనంతా అక్కడే. వైజాగు సీతమ్మధారలో వాళ్లది పాత డాబా ఇల్లు. కారు షెడ్డులో ఎప్పుడో మోటారు కోసం పెట్టించిన 16 ఆంప్స్ పవర్ ప్లగ్గు ఉంది, దానికే తగిలించొచ్చు అనుకున్నారు. బండితో వచ్చిన కేబులు మధ్యలో ఒక డబ్బా ఉంటుంది, అది ముందు ఎర్త్ చూసుకుంటుంది, ఎర్త్ సరిగా లేదంటే ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది తప్ప కరెంటును బండిలోకి పోనివ్వదు. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టి చూశాడు, పెరట్లో మూతపడి ఉన్న ఎర్త్ గుంత తవ్వాడు, లోపల రాడ్డుకు కట్టిన తీగ చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. కొత్త రాడ్డు, ఉప్పు, బొగ్గు, రెండు బకెట్ల నీళ్లు. ఎండాకాలం వారానికోసారి నీళ్లు పొయ్యమని అక్కకు చెప్పాడు. ప్లగ్గు విప్పితే లోపల ఇత్తడి పచ్చగా చిలుము పట్టి ఉంది. "సముద్రం గాలండి బాబూ, ఈ ఊళ్లో ఇత్తడి కూడా బతకదు" అని అది కూడా పీకేసి, ఫ్యాక్టరీల్లో వాడే నీలం రంగు గుండ్రటి సాకెట్టు పెట్టాడు. మంచి పని చేశాడు. గీజరు పావుగంట వాడి కట్టేస్తాం, కారు మూడు నాలుగు గంటలు ఆపకుండా లాగుతుంది, వదులు సాకెట్టయితే ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఎక్కడ పొదుపు చేసినా ఎర్తింగు దగ్గరా సాకెట్టు దగ్గరా చెయ్యకండి.

బిల్లు కూడా చూశాం. వాళ్లింట్లో మూడు ఏసీలు, ఎలాగూ 400 యూనిట్లు దాటే ఇల్లే, అంటే పై స్లాబులో యూనిటు 9 రూపాయల 75 పైసలు. ఖాళీ బ్యాటరీ నింపడానికి, ఛార్జింగులో పోయే నష్టంతో కలిపి, తొమ్మిది యూనిట్లు వేసుకున్నా తొంభై రూపాయల లోపే. కిలోమీటరుకు మూడు రూపాయలు. అదే బండి ఊళ్లో పెట్రోలు మీద లీటరుకు పదో, అంతకంటే తక్కువో ఇస్తుంది, లీటరేమో నూట ఎనిమిది దాటింది. బావ వాళ్ల నాన్నగారు పేపరు చదువుతూనే, "ఆ కరెంటేదో గాల్లోంచి వస్తున్నట్టు, పరవాడలో సింహాద్రి వాళ్లు కాల్చే బొగ్గేగా" అన్నారు. కాదనలేం, రెండు వేల మెగావాట్ల బొగ్గు ప్లాంటు మన ఊరి పొలిమేరలోనే ఉంది మరి.

తెల్లవారుజామున బయల్దేరాం. నా ప్లాను చెప్పేసరికి బావ పెదవి విరిచాడు గానీ నేను వినలేదు. ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం, పెందుర్తి వరకు కరెంటు మీద, ఎందుకంటే ఆగుతూ సాగుతూ పోయే ట్రాఫిక్‌లో పెట్రోలు ఇంజను పని అధ్వాన్నం. పెందుర్తి దాటగానే హోల్డ్ నొక్కాను, అంటే మిగిలిన ఛార్జిని తాకకుండా ఇంజను మీద పొమ్మని. కొత్తవలస, శృంగవరపుకోట వరకు తిన్నటి రోడ్డు, అక్కడ పెట్రోలు ఇంజనే మేలు, హాయిగా నడుస్తుంది, మైలేజీ కూడా ఇస్తుంది. మిగిలిన కరెంటు ఘాట్ ఎక్కడానికి. ఛార్జ్ అని ఇంకో బటన్ ఉంది, నడుస్తూనే ఇంజనుతో బ్యాటరీ నింపుతుంది, బావకు అదంటే తెగ ముచ్చట. పెట్రోలు కాల్చి కరెంటు చేసి, ఆ కరెంటుతో మళ్లీ చక్రాలు తిప్పితే మధ్యలో రెండుసార్లు నష్టం. దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను.

మధ్యలో ఒక పెట్రోలు బంకులో ఛార్జింగ్ స్టేషన్ బోర్డు కనపడితే బావ ఆపమన్నాడు. రెండు గన్నులు, రెండూ సీసీఎస్2, అంటే బ్యాటరీకి నేరుగా డీసీ కరెంటు ఎక్కించే ఫాస్ట్ ఛార్జింగువి. గన్ను మూతి దగ్గరగా చూస్తే విషయం అర్థమవుతుంది. పైన గుండ్రటి భాగం, దాని కింద రెండు లావుపాటి డీసీ పిన్నులు. మా బండి ఎడమ వైపు ముందు చక్రం పైన మూత తీస్తే పై గుండ్రమే ఉంది, కింద రెండిటికీ చోటే లేదు, గన్ను ఎలా తిప్పినా దూరదు. దూరినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఈ బండి ఇంట్లో వచ్చే ఏసీ కరెంటే తీసుకుంటుంది, అదీ 3.7 కిలోవాట్లకు మించి కాదు. పక్కనే నెక్సాన్ ఈవీ, అంటే పూర్తి కరెంటు కారు, పెట్టుకుని కూర్చున్న ఒకాయన మా అవస్థ చూసి నవ్వి, "మీకు ట్యాంకు ఉంది కదండీ, మాకు లేదు, మీరెందుకు ఆగడం" అన్నాడు. నిజమే కదా. ఆయన బండి గంటలో ఎనభై శాతం దాకా నిండి ఇంకో రెండొందల కిలోమీటర్లు పోతుంది, మేం ఏసీ పాయింటు దొరికి మూడు గంటలు కూర్చున్నా వచ్చేది ముప్ఫై కిలోమీటర్లు, అంటే మూడు లీటర్ల పెట్రోలు. ప్లగిన్ హైబ్రిడ్‌తో దారిలో ఛార్జింగు కోసం ఆగడం శుద్ధ దండగ అని నేనప్పుడే అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. మనం వేరే పని మీద ఆగిన చోట, సినిమాకో షాపింగుకో వెళ్లిన మాల్‌లో ఏసీ పాయింటు ఖాళీగా ఉంటే పెట్టుకోవడం వేరు. అక్కడ కూడా పూర్తి ఈవీ వాళ్లెవరైనా ఎదురు చూస్తుంటే తీసేసి ఇవ్వడం మర్యాద. ఇంకో తలనొప్పి, ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో దాంట్లో ముందే డబ్బులు వెయ్యాలి, బావ ఫోనులో అలా ఇరుక్కున్న వందలూ రెండొందలూ కలిపితే మా అందరి టిఫిన్ల ఖర్చు వచ్చేది.

కాశీపట్నం దాటాక ఘాట్ మొదలు. బండి 2300 కిలోల పైన, మేం నలుగురం, సామాను, అక్క కట్టిన పులిహోర కలిపి 2700 కిలోలు అనుకుందాం. ఇంత బరువును నిలువునా ఒక కిలోమీటరు ఎత్తుకు చేర్చాలంటే, గాలీ రోడ్డు రాపిడీ ఏవీ లెక్కెయ్యకుండానే, ఏడు యూనిట్లు దాటుతుంది. అరకు లోయ ఎత్తు 900 మీటర్ల పైన, దానికి ముందు గాలికొండ దగ్గర రోడ్డు ఇంకా పైకి ఎక్కి మళ్లీ దిగుతుంది. అంటే ఇంటి నుంచి నిండుగా తెచ్చిన బ్యాటరీ మొత్తం పెట్టినా ఈ కొండ ఎక్కడానికే చాలీచాలదు. అందుకే సగం బ్యాటరీ, మిగతా పెట్రోలు. టైడా దాటాక వచ్చే మలుపుల్లో మిగతా బండ్లన్నీ మొదటి గేరులో గోల పెడుతుంటే, మాది వెనక మోటారు నెట్టుతుండగా గొంతు పెంచకుండా ఎక్కింది. అక్క నిమ్మకాయ వాసన చూసుకుంటూ కళ్లు మూసుకుంది, చప్పుడు లేకపోతే తల తిరగదనుకున్నాం గానీ మలుపులకు చప్పుడుతో పనేముంది. అనంతగిరిలో కాఫీకి ఆగినప్పుడు కొట్టు పెద్దాయన ఛార్జింగు మూత చూసి, "ఏటి బావూ, దీనికి కూడా సెల్లుఫోనులాగ సార్జింగు పెట్టాలేటి?" అన్నాడు. పెట్టాలి తాతా అంటే, "మరి కరెంటు పోతే?" అన్నాడు. పెట్రోలు ఉందంటే గానీ ఆయనకు బెంగ తీరలేదు.

అరకులో లాడ్జి మేనేజరును ముందే అడిగాం. రాత్రి ప్లగ్గు పెట్టుకుంటాం, ఇంత ఇస్తాం అని. ఆయన జనరేటర్ గది పక్క పాయింటు చూపించాడు. అడగకుండా కారిడార్ ప్లగ్గులోంచి తీగ లాగకండి, అది ఒకటి మర్యాద, రెండోది ఆ తీగలు ఎంత బరువు మోస్తాయో వాళ్లకే తెలుసు. ఛార్జింగు కరెంటు తగ్గించే ఏర్పాటు ఉంది కాబట్టి 6 ఆంప్స్‌కి పెట్టాను, అంటే గంటకు యూనిటున్నర లోపు. అయినా తెల్లవారుజామున చలికి అందరూ ఒకేసారి గీజర్లు వేసేసరికి ఎంసీబీ ట్రిప్పయి, మా కారుతో పాటు సగం లాడ్జి చీకటయిపోయింది. మేనేజరు కసురుకోలేదు గానీ మా ప్లగ్గు పీకి మరీ మళ్లీ ఆన్ చేశాడు. బండి ఛార్జింగు సగంలో ఆగిపోయింది. బావ గొణిగాడు. నాకు మాత్రం అదే బాగుంది, ఎందుకో చెబుతాను.

కొండ దిగేటప్పుడు చక్రాలే మోటారును తిప్పి బ్యాటరీ నింపుతాయి, దీన్నే రీజనరేటివ్ బ్రేకింగ్ అంటారు. బ్యాటరీ అప్పటికే నిండుగా ఉంటే ఆ కరెంటుకు చోటెక్కడ? దిగడం మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ వీలైనంత ఖాళీగా ఉండాలి. అరకు నుంచి సుంకరిమెట్ట, గాలికొండ దాకా మళ్లీ ఎక్కుడే, ఉన్న సగం అక్కడ ఖర్చుపెట్టేశాను. సుంకరిమెట్ట దగ్గర సంతకు పోయే మేకల మంద రోడ్డంతా పరుచుకుని ఉంది, ఇంజను ఆగి ఉంది కాబట్టి వాటికి మేం వచ్చింది తెలీలేదు, హారన్ కొట్టడం ఇష్టం లేక మేనల్లుణ్ణి దింపి చప్పట్లు కొట్టించాను.

గాలికొండ దాటి గేరు బీ లోకి లాగాను. ఆ మోడ్‌లో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, బండిని వెనక నుంచి ఎవరో పట్టుకుని ఆపుతున్నట్టు ఉంటుంది. బ్రేకు మీద కాలు పడింది గట్టి మలుపుల్లోనే. డముకు దిగువన ఒక టెంపో ట్రావెలర్ పక్కకు ఆపుకుని చక్రాలు చల్లారబెడుతున్నారు, మాడిన బ్రేకు వాసన మా అద్దాల్లోంచి లోపలికి వచ్చింది. దూరంగా కేకే లైన్, అంటే కొత్తవలస నుంచి కిరండూల్ పోయే రైల్వే లైను మీద ఇనుప ఖనిజం రైలు దిగుతోంది. కిరండూల్ నుంచి లోడుతో మన పోర్టుకు వచ్చేవి అవి, కొత్త త్రీఫేజ్ ఇంజన్లయితే దిగేటప్పుడు బ్రేకు వేస్తూ పుట్టే కరెంటును పై తీగకే తిరిగి పంపిస్తాయి. మా బండి అదే పని బుల్లిగా చేస్తోందని చెబితే మేనల్లుడు స్క్రీను మీద పెరిగే గీతనే చూస్తూ కూర్చున్నాడు. ఏడు యూనిట్లు పోసి ఎక్కితే ఏడూ తిరిగి రావు. రాపిడికి పోయేది పోగా, మోటారూ బ్యాటరీ తినేది తినగా, కాశీపట్నం చేరేసరికి బ్యాటరీ పావు వంతు దాటింది. ఇంట్లో నింపితే పాతిక ముప్ఫై రూపాయల కరెంటు అది, డబ్బుగా చూస్తే పెద్ద లెక్క కాదు, కానీ కొండ దిగేసరికి బ్రేకులు చల్లగా ఉన్నాయి, నాకు అది ముఖ్యం. ఆ పావు వంతును హోల్డ్‌లో దాచి ఎన్ఏడీ ట్రాఫిక్‌లో వాడుకున్నాం.

ఇంటికొచ్చాక బావ కొత్త పల్లవి ఎత్తుకున్నాడు, గోడకు బిగించే 7.4 కిలోవాట్ల ఛార్జరు, అదే వాల్‌బాక్స్ పెట్టిస్తే గంటన్నరలో నిండిపోతుంది కదా అని. నిండదు బావా, గోడ ఎంత ఇచ్చినా నీ బండి 3.7 మించి తీసుకోదు, ఇప్పుడున్న సాకెట్టు చాలు అన్నాను. మన కరెంటు కంపెనీ ఏపీఈపీడీసీఎల్ ఆఫీసుకు వెళ్లి లోడు పెంచమని అర్జీ పెట్టాలి, దానికి డబ్బు కట్టాలి, అదంతా దేనికని కూడా చెప్పాను. అయినా వాల్‌బాక్స్‌కు అడ్వాన్సు ఇచ్చేశాడట. ఇదేంటని అడిగితే, "ఇది దీనికి కాదురా, మీ అక్క చిన్న ఈవీ చూస్తోంది" అన్నాడు.