రెండు సినిమాలు, నా మార్కులు

‘కోర్ట్’ సినిమాలో మంగపతిగా శివాజీ తెర మీద కనిపించిన ప్రతిసారీ మా అమ్మ మెటికలు విరుస్తూ "వీడి నోట్లో మన్ను పడ" అని తిడుతూనే ఉంది. ప్రతినాయకుడికి అంతకన్నా పెద్ద బిరుదు ఏముంటుంది!

‘కోర్ట్’కు ఐదింటికి మూడున్నర. 2013 నాటి విశాఖపట్నంలో, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టడానికి అప్పటికి కొత్తగా వచ్చిన పోక్సో చట్టాన్ని పరువు పట్టింపుతో ఆయుధంగా వాడుకుంటే ఒక పేద కుర్రవాడి గతి ఏమవుతుందో దర్శకుడు రామ్ జగదీశ్ తడబడకుండా చెప్పారు. ప్రేమకథ మాత్రం కొంత సాగింది.

భోజనాలయ్యాక చూసిన ‘35 చిన్న కథ కాదు’కు నాలుగు. సున్నాకు విలువ లేదంటూనే, ఒకటి పక్కన చేరగానే అది పది ఎలా అవుతుందని తిరుపతి పిల్లవాడు అరుణ్ అడిగితే, లెక్కల మాస్టారికి ఆ ప్రశ్నలో పొగరే కనిపిస్తుంది. (అటువంటి మాస్టార్లు మన బడుల్లో కొత్తేమీ కాదు.) ఇందాకటి సినిమాలో కుర్రవాడి పక్షాన వాదించిన ప్రియదర్శే ఇక్కడ ఆ మాస్టారు కావడంతో, ఒకే రాత్రి ఆయనను మెచ్చుకొని, వెంటనే విసుక్కోవలసి వచ్చింది.

అరుణ్ తల్లి, పదో తరగతి తప్పిన సరస్వతి, కొడుకు కోసం మళ్లీ లెక్కల పుస్తకం పట్టే ఘట్టాల్లో నివేదా థామస్ గొంతు పెంచకుండా, కన్నీళ్లు గుమ్మరించకుండా, అర్థం కాని చోట కనుబొమలు ముడిచి ఆగిపోయే తీరు నాకు ఎంతో నచ్చింది. ముగింపు ముందే ఊహకు అందిపోయింది కాబట్టి ఆ ఒక్క మార్కు కోశాను.