నెరానోలో గంజి నీళ్ళు

ఇటలీలో, నెరానో అనే సముద్రతీరపు ఊరి హోటల్లో, ధర చూసి మెనూ మూసేశాను. మళ్ళీ తెరిచి చూశాను, మారలేదు. స్పఘెట్టీ అల్లా నెరానో, అంటే నెరానో తీరు పాస్తా, 24 యూరోలు. రొయ్యలూ చేపలూ ఏమీ లేవు. జుకీని (దోసకాయలాంటి ఒక కూరగాయ) చక్రాలు, జున్ను (చీజ్), బేసిల్ ఆకులు, అంతే సంగతి. రూపాయల్లోకి మారిస్తే రెండు వేలు దాటింది. "అమ్మా, ఆ లెక్కలు మానెయ్యి. లేకపోతే ఈ వారమంతా నీకు ఉపవాసమే" అంది మా అమ్మాయి. దానికి తోడు కొపెర్తో అని మనిషికి మరో 3 యూరోలు. బల్ల మీద గుడ్డ పరిచి, బుట్టలో నాలుగు రొట్టెముక్కలు పెట్టి, మనల్ని కూర్చోనిచ్చినందుకు కట్టే సుంకం అన్నమాట. మంచినీళ్ళ సీసాకు వేరే.

నిజం చెప్పాలంటే ఆ బల్ల దగ్గరికి వచ్చేసరికే నేను కోపంగా ఉన్నాను. అది బస్సు చేసిన పని.

నేపుల్స్ నుంచి సొరెంటోకు రైల్లో గంటకు పైగా నిలబడి వచ్చాం. జూలై నెల, కిటికీల్లోంచి వచ్చేదంతా వేడిగాలి. స్టేషను బయట నెరానో బస్సు సిద్ధంగా ఉంది. ఎక్కబోతే డ్రైవరు చూపుడు వేలు అడ్డంగా ఊపాడు. టికెట్టు తన దగ్గర దొరకదట, పొగాకు దుకాణంలో కొనుక్కుని రావాలట. అక్కడ సిగరెట్లు, తపాలా బిళ్ళలు, బస్సు టికెట్లు ఒకే కొట్లో అమ్ముతారు. బయట పెద్ద 'టి' అక్షరం బోర్డు ఉంటుంది. బోర్డు దొరికింది, దాని కింద షట్టరు దించి ఉంది. మధ్యాహ్నపు నిద్ర. రెండో కొట్టు వెతికి పట్టుకుని, చెమటలు కక్కుతూ తిరిగి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. నీడ లేని స్టాపులో గంటంపావు నిలబడ్డాం.

తరువాతి బస్సులో కాలు పెట్టడానికే చోటు లేదు. కొండదారిలో ప్రతి మలుపుకూ హారను. ఎదురుగా మరో బస్సు వస్తే ఇద్దరిలో ఎవరో ఒకరు వెనక్కి నడపాలి. సాంతాగాతా సుయి దూయే గోల్ఫి అనే ఊరు దాటేటప్పుడు ఒకవైపు నేపుల్స్ సింధుశాఖ, ఇంకోవైపు సలెర్నో సింధుశాఖ కనిపిస్తాయి. ఆ ఊరి పేరులోనే 'రెండు సింధుశాఖల మీద' అని ఉంది. నాకు కనిపించింది మాత్రం ఒక పెద్దాయన చొక్కా జేబు. ఆయన కాళ్ళ మధ్య ఒక చెక్కపెట్టె. ఒక మలుపులో అది ఒరిగి జుకీనీలన్నీ బస్సంతా దొర్లాయి. లేతవి, జానెడు పొడవు, ఒంటినిండా సన్నటి గీతలు, కొన్నింటి కొసన ఇంకా వాడని పసుపు పువ్వు. అందరూ వంగి ఏరి ఇచ్చారు. నా చెప్పు కిందకు వచ్చినదాన్ని తీసి చీరచెంగుతో తుడిచి ఇచ్చాను. ఆయన తీసుకుని, పువ్వు విరిగిందేమో అని తిప్పి చూసుకుని పెట్టెలో పెట్టుకున్నాడు. ధన్యవాదం లేదు, నవ్వు లేదు. కూరగాయను అంత గౌరవంగా చూసే మనిషిని చూసి చాలా రోజులైంది.

సరే, 24 యూరోల ప్లేటు వచ్చింది. పచ్చి మీగడ రంగు పూత పట్టిన స్పఘెట్టీ, మధ్యమధ్య అంచులు ఎర్రబడిన జుకీని చక్రాలు. పళ్ళెం అడుగున నూనె తేలలేదు, పులుసులా కారలేదు. నోట్లో పెట్టుకుంటే వెన్నలా ఉంది, మింగితే బరువు లేదు. "ఇందులో క్రీము ఎంత వేశారో అడుగు" అన్నాను. మా అమ్మాయి అడిగింది. వడ్డించే కుర్రవాడు, నేను తన తల్లిని తిట్టినట్టు చూశాడు. క్రీము లేదట, చుక్క కూడా లేదట. నేను నమ్మలేదు. 1952లో ఈ ఊళ్ళోనే మరియా గ్రాజియా అనే హోటల్లో ఈ వంటకం పుట్టిందని చెబుతారు. అంత పేరున్న వంటకంలో రహస్యం ఏదో దాస్తున్నారని నా అనుమానం.

పాంపే శిథిలాలు చూశాం, కాప్రి దీవికి పడవలో వెళ్ళాం. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

మేం దిగిన ఇల్లు సముద్రానికి పైన, కొండవాలులో. ఇంటావిడకు డెబ్బై ఏళ్ళుంటాయి. కింద ఆవిడ ఉంటుంది, పైన మూడు గదులు అద్దెకిస్తుంది. మూడో రోజు తెల్లవారి ఆరున్నరకు వేపుడు వాసనకు మెలకువ వచ్చింది. ఆ వాసనకు ఏ దేశమైనా ఒకటే, నిద్ర ఆగదు. కిందికి వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసి ఏమీ అనలేదు, కుర్చీ ఒకటి కాలితో జరిపింది. నాకు ఇటాలియన్ రాదు, ఆవిడకు ఇంగ్లీషు రాదు. మా అమ్మాయి నిద్ర లేచేదాకా చేతులతోనే కబుర్లు.

ఆవిడ జుకీనీలను రూపాయి బిళ్ళంత మందాన చక్రాలుగా తరిగింది. మూకుడులో నూనె ధారాళంగా పోసి, కొద్దికొద్దిగా వేసి, అంచులు బంగారు రంగు తిరగగానే తీసి కాగితం మీద ఆరబెట్టింది. ఉప్పు చల్లి, బేసిల్ ఆకులు చేత్తో తుంచి వేసి, గిన్నెలోకి ఎత్తి మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోసేసింది. పొయ్యి ఆర్పేసింది. టైము ఏడుంబావు. ఇక పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

హోటల్లో బరువనిపించని వంటకం ఇదే కదా, ఇది తేలిక వంటా అని నాకు నవ్వొచ్చింది. ఎండల్లో తేలికగా తినడమంటే నూనె ముట్టకపోవడమని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇక్కడ నూనెలో ఈదించిన కూరగాయ. మా అమ్మాయి లేచి ఫోనులో అనువాదం పెట్టి అడిగితే ఆవిడ గోడ మీది గడియారం చూపించింది. వేసవిలో పొయ్యి దగ్గర పనంతా సూర్యుడు కొండ దాటకముందే. రేపటి మధ్యాహ్నం ఆ ముక్కలు తీసి పాస్తాలో కలపడమే. ఒక రాత్రి ఆగితే చక్రాలు మెత్తబడి, బేసిల్ వాసన పట్టి, సగం ముక్కలు వాటంతటవే సాసుగా కరుగుతాయట. మధ్యాహ్నం పొయ్యి వెలిగేది నీళ్ళు కాగడానికీ, పాస్తా ఉడకడానికీ మాత్రమే.

మరునాడు మధ్యాహ్నం నన్నే చెయ్యమంది. లీటరు నీళ్ళకు పది గ్రాముల ఉప్పు, వంద గ్రాముల పాస్తా. మా ముగ్గురికి మూడు లీటర్లు. ఒక మనిషికి వంద గ్రాములే, అదీ తేలికదనంలో ఒక భాగమని నాకు అప్పుడు తట్టింది. పాకెట్టు మీద రాసినదానికన్నా రెండు నిమిషాల ముందే తీసి, జుకీనీ ఉన్న మూకుడులో వేసి, ఉడికిన నీళ్ళు గరిటెడు పోసి కుదపాలి. నేను అలవాటుకొద్దీ గిన్నె ఎత్తి నీళ్ళన్నీ తూములో పారబోయబోయాను. ఆవిడ అరిచిన అరుపు పక్కింటికి వినిపించి ఉంటుంది.

ఆ తెల్లటి నీళ్ళు చేతిలో పట్టుకుని చూస్తే, అది గంజి! పాస్తా చేసిన రవ్వలోని పిండిపదార్థం దిగిన గంజి. నూనెనూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచేది అదే. క్రీము అనుకుని నేను హోటలు కుర్రవాణ్ణి అవమానించింది దీని గురించే. మా అమ్మ అన్నం వార్చిన గంజిలో ఉప్పూ మజ్జిగా కలిపి ఎండాకాలం మాకు తాగించేది. ప్రెషర్ కుకర్ వచ్చాక మా ఇంట్లో గంజి అన్న మాటే పోయింది. దాన్ని మళ్ళీ ఇటలీలో, గరిటెలో చూశాను.

తరువాత జున్ను. ఇక్కడ నేను చెడగొట్టాను. మూకుడు పొయ్యి మీదుండగానే తురుము వేసి కలిపాను. రెండు క్షణాల్లో అంతా తీగలు సాగి, ముద్ద కట్టి, గరిటెకు రబ్బరు బంతిలా అంటుకుంది. ఆవిడ మూకుడు కిందికి దించి, తల పట్టుకుని, నవ్వడం మొదలుపెట్టింది. పొయ్యి ఆర్పాలి, మూకుడు దించాలి, ఆవిరి కాస్త తగ్గేదాకా ఆగాలి, అప్పుడు తురుము కొద్దికొద్దిగా వేస్తూ గంజి చిలకరిస్తూ తిప్పాలి. వేడి ఎక్కువైతే జున్నులోని మాంసకృత్తులు బిగుసుకుపోతాయి. ఆ రోజు ముద్దలే తిన్నాం. ఆవిడ కూడా మాతో పాటు తింది, ముఖం చిట్లించకుండా.

ఆ జున్ను పేరు ప్రొవొలోనే దెల్ మోనకో, అంటే సన్యాసి జున్ను. లత్తారి కొండల నుంచి పడవల్లో నేపుల్స్ సంతకు తెచ్చేవాళ్ళు చలికీ తేమకూ సన్యాసుల్లా ముసుగు కప్పుకునేవారని, అందుకే ఆ పేరని చెబుతారు. కనీసం ఆరు నెలలు మాగబెడతారు. ఐదో రోజు ఒక ముక్క ఇంటికి తీసుకువెళదామని కొట్టుకు వెళ్ళాం. మా అమ్మాయి చీటీ చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "అమ్మా, నువ్వు అడగకపోతే నేను చెప్పను" అంది. అలా అన్నాక అడగకుండా ఎవరుంటారు? పాలు గట్టిపడడానికి వేసే కాల్యో మేకపిల్ల కడుపులోంచో దూడ కడుపులోంచో తీస్తారట. పార్మిజానో అనే ఇంకో జున్నుదీ అదే కథ. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టనిదాన్ని, అప్పటికి మూడు పూటలు తిన్నాను, అందులో ఒకదానికి 24 యూరోలు కట్టాను. జున్ను కొనలేదు. దారిపొడుగునా మా అమ్మాయితో మాట్లాడలేదు, తప్పు దానిదైనట్టు.

ఇంటావిడకు ఫోను అనువాదం ఈ సంగతి ఎలా చేరవేసిందో తెలియదు, ఆవిడ నన్ను జబ్బు మనిషిని చూసినట్టు చూసింది. మరునాడు ఉదయం వేపుడు వాసన లేదు. ఎర్రగా పండిన టమాటాలు తరిగి, ఉప్పూ ఆలివ్ నూనే కలిపి, నలిపిన వెల్లుల్లి రెబ్బ ఒకటి వేసి, పళ్ళెం బోర్లించి వంటింటి అరుగు మీద పెట్టింది. మధ్యాహ్నానికి టమాటాలు తమ రసంలో తామే మునిగి ఉన్నాయి. వెల్లుల్లి తీసి పారేసి, పొగలు కక్కే పాస్తాను వాటి మీద కుమ్మరించింది. టమాటా పొయ్యి మొహమే చూడలేదు. పాస్తా వేడికి నూనె ఘుమఘుమలాడింది, పాస్తా తినేంత గోరువెచ్చగా దిగింది. చల్లారబెట్టాలంటే చన్నీళ్ళతో కడగవచ్చు కదా అని అడిగాను. కడిగితే గంజి పోతుంది, సాసు అంటదు. కావాలంటే పళ్ళెంలో పలుచగా పరిచి నూనె చుక్క రాసి ఆరబెట్టమంది. బాగుంది, చాలా బాగుంది. అయినా నెరానోదే ఇంకా బాగుంది. చెప్పకూడదు గానీ చెబుతున్నాను.

ఆవిడ వాడేది గ్రన్యానో అనే ఊరి పాస్తా. ఇటలీలో ఎండు పాస్తాను గట్టి గోధుమ రవ్వతోనే చెయ్యాలని 1967 నుంచి చట్టం ఉంది. అందుకే మూకుడులో రెండోసారి ఉడికినా పేస్టు కాదు. పుల్ల ఒకటి వేళ్ళ మధ్య రుద్ది చూడమంది. సుద్దముక్కలా గరుకుగా ఉంది. కంచు అచ్చులోంచి వత్తుతారు కాబట్టి ఆ గరుకు, ఆ గరుకుకే సాసు పట్టుకుంటుంది. మా ఇంట్లో ఇత్తడి జంతికల గొట్టం ఉండేది. దానిలోంచి వచ్చిన చుట్టలకూ ఇదే గరుకు. స్టీలుది కొన్నాక జంతికలు నున్నగా, అందంగా వచ్చాయి, ఎవరూ మెచ్చుకోలేదు. గ్రన్యానోలో ఒకప్పుడు వీధుల్లోనే కర్రల మీద పాస్తా ఆరేసేవారట, కొండగాలీ సముద్రగాలీ తగిలేలా. మన డాబా మీద వడియాల దగ్గరలా కాకులను తోలేవాళ్ళు అక్కడా ఉండేవారేమో.

బయలుదేరే రోజు ఆవిడకు వంట నేర్పినందుకు ఏదైనా ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. తిన్న మూడు భోజనాలకూ ఒక్క యూరో ముట్టలేదు. యాత్రికుల పన్ను మాత్రం, మనిషికి ఇంత, రాత్రికి ఇంత అని కాగితం మీద గుణించి, చిల్లరతో సహా తీసుకుని రసీదు రాసి ఇచ్చింది. బస్సు టికెట్లు రెండు ముందే కొని ఉంచిందట, వాటి డబ్బులు కూడా తీసుకుంది.