14 గంటల పంది జబ్బ

మే నెలాఖరులో వచ్చే లాంగ్ వీకెండ్‌కి షార్లెట్ నుంచి అక్కావాళ్లింటికి బయల్దేరాను. వాళ్లుండేది అట్లాంటాకి ఉత్తరాన 40 మైళ్ల దూరంలో ఉన్న కమింగ్ అనే ఊళ్లో. మొదట్లో నేను "కమింగ్ వెళ్తున్నా" అని ఫోన్లో చెబితే "వస్తున్నావా వెళ్తున్నావా, సరిగ్గా చెప్పు" అనేది అమ్మ. ఇప్పుడు మార్చి నుంచి తనే అక్కడుంది కాబట్టి అలవాటైపోయింది.

దారిలో చెప్పుకోదగ్గది ఒక్కటే, గాఫ్నీ దగ్గర ఐ-85 హైవే పక్కన పీచ్ పండు ఆకారంలో కట్టిన నీళ్ల ట్యాంకు. పీచ్ రాష్ట్రం అనే పేరు జార్జియాది, పంట ఎక్కువ మాది అని చాటుకోవడానికి సౌత్ కరోలినా వాళ్లు 1981లో కట్టించుకున్నారు. ఒక వైపు నుంచి చూస్తే పండు, ఇంకో వైపు నుంచి చూస్తే ఏమిటో నేను చెప్పను, కారులో పిల్లలుంటే వాళ్లే చెప్తారు.

నాలుగు గంటల డ్రైవింగ్ చేసి వెళ్లింది అక్కని, అమ్మని చూడ్డానికే అని ఇంట్లో చెప్పాను గానీ సగం కారణం బావ కొన్న కమాడో అనే బొగ్గుల పొయ్యి. చలికాలంలో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. గుడ్డు ఆకారంలో, నా నడుం దాటి ఎత్తు, గోడలు అంగుళం మందం, ఇద్దరం పట్టుకుని పక్కకి జరపాలన్నా ఆయాసమొచ్చే బరువు. కింద గాలి వెళ్లడానికి చిన్న తలుపు, పైన మూతకి పొగ పోవడానికి ఇంకో కన్నం. ఇంతే, ఇంకే మెషినరీ లేదు.

కమాడో అంటే జపాన్ భాషలో పొయ్యి. ఇళ్లల్లో మట్టితో కట్టుకుని, మీద కుండ పెట్టి అన్నం వండుకునే పొయ్యి. అందులోనే ముషికమాడో అని గుండ్రటి రకం ఒకటుండేది, దానికి మట్టి మూత, అదీ అన్నం కోసమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ ఉద్యోగం చేసిన అమెరికన్ సైనికులు వీటిని ఇష్టపడి సైనిక విమానాల్లో ఇంటికి తెచ్చుకున్నారు, తెచ్చుకుని అన్నం మానేసి మాంసం పెట్టారు. ఎడ్ ఫిషర్ అనే ఆయన 1974లో ఇదే అట్లాంటాలో వీటిని అమ్మడం మొదలుపెట్టాడు, అదే ఇప్పటి బిగ్ గ్రీన్ ఎగ్ కంపెనీ. అప్పటివి ఉత్త మట్టివి, వేడికి పగిలిపోయేవి. తర్వాత సెరామిక్ వచ్చింది. జపాన్‌లో మాత్రం గ్యాసూ కరెంటు కుక్కర్లూ వచ్చాక ఇళ్లల్లో ఆ పొయ్యిలు దాదాపు పోయాయి. మన కట్టెల పొయ్యి కథే.

శనివారం సాయంత్రం. 8 పౌన్ల పంది జబ్బ, ఎముకతో సహా. బావ దానికి ఉప్పు, మిరియాలు, బ్రౌన్ షుగర్ పట్టించాడు. నేను చూస్తూ ఊరుకోలేక గుంటూరు కారం, ధనియాల పొడి, కాస్త వెల్లుల్లి పొడి కూడా అద్దాను. అమ్మ పంది తినదు, ఆవిడకి వేరేగా మేక జబ్బ పెరుగులో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాం. "కుక్కర్లో ఆరు విజిల్స్ వస్తే అయిపోయేదానికి రాత్రంతా జాగారమా" అని ఆవిడ గొణుగుడు.

తొమ్మిదింటికి బొగ్గులు అంటించాం. ఇటుకల్లా అచ్చుపోసిన బొగ్గు కాదు, చెట్టు కొమ్మల ఆకారం ఇంకా కనపడే అసలు బొగ్గు. కిరసనాయిలు లాంటివేవీ పొయ్యకూడదు, ఆ వాసన సెరామిక్ పీల్చుకుని నెలల తరబడి వదలదు. ఒక్క చోటే, చిన్నగా అంటించు అని చెప్పి బావ లోపలికెళ్లాడు. నేను ఒక్క చోట అంటుకోదేమోనని మూడు చోట్ల అంటించాను, కింద తలుపూ పైన కన్నమూ బార్లా తెరిచి కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా. తలెత్తేసరికి మీటర్ 350 దాటింది. మాకు కావాల్సింది 225 నుంచి 250 ఫారన్‌హీట్ మధ్యలో.

టెన్షన్‌లో పైనా కిందా రెండూ మూసేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఐదు నిమిషాలాగి, ఆరిపోయిందేమో చూద్దామని మూత ఒక్కసారిగా ఎత్తాను. లోపల గాలి లేక ఉగ్గబట్టుకుని ఉన్న నిప్పుకి ఒక్కసారి గాలి తగిలితే ఏమవుతుందో అదే అయింది, బుస్సుమని మంట బయటికొచ్చి నా కుడి చేతి మీద వెంట్రుకలన్నీ తీసుకెళ్లింది. చర్మానికేం కాలేదు. కాలిన వెంట్రుకల కంపుకి అక్క తలుపు తీసి "ఒరే, ఏం కాల్చావురా" అంది. మూత ముందు రెండంగుళాలు ఎత్తి, కాసేపు ఊపిరి పీల్చుకోనిచ్చి, అప్పుడు పూర్తిగా తియ్యాలట. "ఇది చెప్పలేదా నీకు?" అన్నాడు బావ. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పాననే అంటాడు.

అసలు శిక్ష ఇంకోటి. ఆ మందపాటి గోడలు ఒకసారి వేడెక్కితే దిగవు. కింద తలుపు వేలు పట్టేంత, పైది గీత కనపడేంత తెరిచి, గంటన్నర పైన ఎదురుచూశాం. డెక్ అవతల గడ్డిలో మిణుగురులు, మా కాళ్ల దగ్గర దోమలు. మా అమ్మమ్మగారి ఊళ్లో, కోనసీమలో, పెరట్లో ఉన్న దాలి గుర్తొచ్చింది అప్పుడు. పొద్దున పిడకలు రాజేసి, ఊక పోసి, మీద పాలకుండ పెట్టేవారు. సాయంత్రానికి పాలు ఎర్రగా మాగి, మీద వేలెడు మీగడ. చిన్నప్పుడు నేను పుల్ల పెట్టి ఆ పిడకల్ని కెలికి, మంట లేపి, పాలు మాడబెట్టి వీపు మీద తిన్న సందర్భం ఒకటుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఇంకో ఖండంలో అదే పని చేశానన్నమాట.

పదకొండున్నరకి 240 దగ్గర నిలిచింది. హికరీ చెక్క ముక్కలు రెండు పడేసి, నిప్పుకీ మాంసానికీ మధ్య అడ్డంగా సెరామిక్ పలక పెట్టి, జబ్బ ఎక్కించి, లోపలికి థర్మామీటర్ పుల్ల గుచ్చి పడుకున్నాం. తెల్లారి ఆరింటికి లేచి చూస్తే పొయ్యి అదే 240, ఒక్క బొగ్గు కొత్తగా వెయ్యలేదు, ఎవరూ ముట్టుకోలేదు. మాంసం లోపల 160.

పది గంటలకి కూడా 160.

ఇది ముందే తెలియకపోతే పిచ్చెక్కుతుంది. మాంసంలోంచి చెమట పట్టి ఆవిరై పోతుంటుంది, ఆ ఆవిరి వేడిని పట్టుకుపోతుంది, పొయ్యి ఎంత ఇస్తే అంతా అలాగే పోతుంది. వేసవిలో కుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. నేను మూడుసార్లు కింద తలుపు మీద చెయ్యి వేశాను, మూడుసార్లూ బావ "ఏంటోయ్" అన్నాడు, అంతే, తీసేశాను. ఈలోగా ఎనిమిదింటికి అమ్మ మేక జబ్బ కూడా పక్కన చేరింది. దానికి కొవ్వు తక్కువ కాబట్టి మూడు గంటలు పొగ పట్టనిచ్చి, తర్వాత గట్టిగా ఫాయిల్ చుట్టేశాం. లేదంటే చెక్కముక్కే.

ఒంటిగంటన్నరకి పందిది 200కి వచ్చింది. పైన నల్లగా, కాలిపోయిందేమో అన్నట్టుంది, గోకితే మాత్రం కారం ఉప్పు కలిసిన గట్టి పెచ్చు. టవల్ చుట్టి ఐస్ డబ్బాలో, ఐస్ లేకుండా, గంట సేపు ఉంచాం. తీశాక బావ "ఎముక పట్టుకో" అన్నాడు. జబ్బ ఎముక బల్లపరుపుగా ఉంటుంది కదా, చివర రెండు వేళ్లతో పట్టి కాస్త తిప్పాను. వచ్చేసింది. తుడిచి పెట్టినట్టు తెల్లగా, ఒక్క పీచు అంటకుండా. అది చూడ్డానికి ఇంకో 14 గంటలు కూర్చోమన్నా కూర్చుంటాను, ఈసారి ఫోన్ లేకుండా.

రుచి సంగతి నిజం చెప్పాలంటే పంది అద్భుతం, పెచ్చు దగ్గర మరీ, నా కారం వల్లే అని నా నమ్మకం, బ్రౌన్ షుగర్ వల్ల అని బావ నమ్మకం. బన్నుల్లో పెట్టుకుని కొంత, వేడి అన్నంలో ఆ కారిన రసం పోసుకుని కొంత తిన్నాం. మేక ఫర్వాలేదు, అంతే. మెత్తగానే ఉంది గానీ మసాలా పైపైనే ఆగిపోయింది. అమ్మ రెండు ముక్కలు తిని "పొగ చూరిన పప్పులాగుంది" అంది. మూడింటికి భోజనం పెట్టారన్న కోపం కూడా అందులో కొంత ఉంది.

సోమవారం పొద్దున నేను బయల్దేరే వేళకి ఆవిడే మిగిలిన మేక మాంసం చీరి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు, గరం మసాలా వేసి మాడే మాడే దాకా వేపుడు చేసి డబ్బాలో సర్ది ఇచ్చింది. గాఫ్నీ దగ్గర పెట్రోల్ కోసం ఆగినప్పుడు మూత తీశాను. ఇంటికి డబ్బా ఖాళీదే వెళ్లింది.